చేతులు వెనక్కి కట్టుకుని చూడండి

ఆదివారం పొద్దున మీ అమ్మాయి పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, డబ్బాలో మన గొంగళిపురుగు చచ్చిపోయింది. తలకిందులుగా వేలాడుతోంది" అందనుకోండి. మీరేం చేస్తారు?

నేనేం చేశానో ముందే ఒప్పుకుంటాను. ఐస్‌క్రీం పుల్ల తీసుకుని కదిపి చూశాను. బతికే ఉంది. పుల్ల తగలగానే గింజుకుంది, పట్టు తప్పి కింద పడింది. ఆ రాత్రి డబ్బా అడుగునే ప్యూపా (సీతాకోకచిలుకగా మారే ముందు దశ) అయింది గానీ ఒక పక్క సొట్టపోయింది. అందులోంచి ఏదీ బయటికి రాలేదు. మా అమ్మాయి పదిహేను రోజులు వచ్చి చూసి, పదహారో రోజు నుంచి మానేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ పుల్ల చేతిలోకి తీసుకోకుండా ఎలా ఉండాలో చెప్పడానికే ఈ అధ్యాయం.

మీరు న్యూజెర్సీలోనో, డల్లాస్ పక్కనో ఉంటూ, పెరట్లో మిల్క్‌వీడ్ మొక్కలు నాటి ఉంటే మోనార్క్ సీతాకోకచిలుక ఏదో ఒక ఏడాది మీ గుమ్మం తొక్కుతుంది. ఆకు అడుగున గుండుసూది తలకాయంత గుడ్డు పెట్టి పోతుంది. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగులుతుంది. పసుపు, నలుపు, తెలుపు చారల పురుగు రెండు వారాల పాటు తింటూనే ఉంటుంది. మనం దాన్ని గొంగళిపురుగు అంటున్నాం గానీ దానికి గొంగళి లేదు. ఒంటి మీద నూగు ఉండదు, తగిలితే దురద పుట్టదు. చిన్నప్పుడు మునగచెట్టు కింద నిలబడి ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్నవాళ్లు ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు. పురుగు కన్నా మొక్కతోనే కాస్త జాగ్రత్త కావాలి. ఆకు తుంచితే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. జిల్లేడు పాల గురించి మన ఇళ్లల్లో చెప్పే జాగ్రత్తే దీనికీ వర్తిస్తుంది. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. పిల్లలు ఆకు తాకితే ముందు చేతులు కడిగించండి.

ఇక అసలు సంగతికి వచ్చేముందు ఒక కథ పని పట్టాలి. వ్యక్తిత్వ వికాస సభలకు వెళ్లినవాళ్లందరూ ఈ కథ విని ఉంటారు. గూడు చీల్చుకుని బయటికి రావడానికి సీతాకోకచిలుక అవస్థ పడుతుంటే ఒకాయన జాలిపడి కత్తెరతో గూడు కత్తిరిస్తాడు, దాంతో దాని రెక్కలు పనికిరాకుండా పోతాయి. నేనూ నాలుగైదు వేదికల మీద చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. తర్వాత మోనార్క్‌ని దగ్గరగా చూశాక తెలిసింది, దాని విషయంలో కత్తిరించడానికి గూడే లేదని! హిందూపురం మార్కెట్లో బుట్టల్లో పోసి అమ్మే పట్టుకాయలు చూశారా? అవీ గూళ్లంటే. పట్టుపురుగు తన చుట్టూ తానే దారం చుట్టుకుని లోపల ప్యూపాగా మారుతుంది. మోనార్క్ ఏమీ చుట్టుకోదు, ఏమీ కట్టుకోదు. ఆ పచ్చని ప్యూపా అప్పటికే దాని తోలు కింద తయారై ఉంటుంది. పాము కుబుసం విడిచినట్టు పై చారల తోలు విడిచేస్తే లోపలిది బయటపడుతుంది. మన చేతులు పాడుచేసే సమయం కూడా కథలో చెప్పినట్టు చివర్లో మాత్రమే కాదు. అంతకు పది రోజుల ముందే, నా పుల్ల తగిలిన చోటే ఉంది.

1. ఒకటి చాలు. మహా అయితే రెండు.

మొక్క మీద పన్నెండు పురుగులు కనిపించగానే పన్నెండూ ఇంట్లోకి తెచ్చెయ్యాలనిపిస్తుంది. పక్షులు, సాలీళ్లు, చీమల నుంచి కాపాడుతున్నామన్న తృప్తి కూడా కలుగుతుంది. కానీ ఒకే డబ్బాలో ఎక్కువ పురుగులుంటే జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. కంటికి కనపడని ఓ పరాన్నజీవి ఉంది, అది తగిలితే రెక్కలు ముడుచుకుపోయి పుడతాయి. పైగా ఇంట్లో పెరిగిన మోనార్క్‌లు దక్షిణం వైపు దిశ పట్టుకోవడంలో తడబడ్డాయని 2019లో ఒక అధ్యయనం వచ్చింది. సెప్టెంబరులో రెక్కలు విప్పే తరం మెక్సికో కొండల దాకా ఎగరాల్సిన తరం. దాన్ని మన డ్రాయింగు రూములో ఎందుకు పెంచడం? పిల్లలకు చూపించడానికి ఒక్కటి తెచ్చుకోండి. మిగతావి మొక్క మీదే ఉండనివ్వండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఆ ఒక్కటి కూడా తేకూడదు. అక్కడ అనుమతి లేకుండా మోనార్క్‌లను పట్టుకోవడం, పెంచడం చట్టవిరుద్ధం. మొక్క దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోండి. నిజం చెప్పాలంటే అదే మంచి సీటు.

2. తిండి మానేసిందా? బతిమాలకండి.

ఇది తెలుగు అమ్మానాన్నలకు కష్టమైన అడుగు. "ఇంకొక్క ముద్ద" అనిపించుకోకుండా పెరిగినవాళ్లం కాదు, అనకుండా పెంచేవాళ్లమూ కాదు. పురుగు గుడ్డులోంచి వచ్చిన రోజుకీ, ఆఖరి దశకీ మధ్య దాని బరువు దాదాపు రెండువేల రెట్లు పెరుగుతుంది. నాలుగుసార్లు తోలు మార్చుకుని ఐదో దశలో మీ చిటికెన వేలంత అవుతుంది. రాత్రి నిశ్శబ్దంగా ఉంటే ఆకు నమిలే చప్పుడు కూడా వినిపిస్తుంది. అలాంటిది ఒక రోజు ఉన్నట్టుండి ఆకు వదిలేసి డబ్బా గోడల మీద తిరగడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా గట్టి పెంటికలు వేసింది కాస్తా నీళ్లలా పోవచ్చు.

ఇదంతా చూసి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, దానికి విరేచనాలు పట్టుకున్నట్టున్నాయి. మూడుసార్లు ఆకు మీద పెట్టాను, మూడుసార్లూ దిగిపోయింది. ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యకుండా ఎలా?"

ఈ ప్రశ్నే మనందరిదీ. జవాబు తేలిక. అది కడుపు ఖాళీ చేసుకుని వేలాడే చోటు వెతుక్కుంటోంది. బయట ఉంటే మొక్క దిగి గజాల దూరం పోతుంది. కంచె కర్ర, కిటికీ చూరు, కుర్చీ అడుగు, ఏదైనా దానికి పనికొస్తుంది. ఈ తిరుగుడు కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా సాగవచ్చు. తిరగనివ్వండి.

3. పైకప్పు ఇవ్వండి.

నిలువుగా అడుగు ఎత్తైనా ఉండే వల డబ్బా సరిపోతుంది. బట్టలు వేసుకునే వలబుట్ట బోర్లించినా పని నడుస్తుంది. పట్టుదారం అంటించుకోవడానికి పైన గరుకుగా ఉండాలి, రేపు రెక్కలు కిందికి విప్పుకోవడానికి చోటుండాలి. గాజు సీసాకి మూత బిగించి రెండు చిల్లులు పెట్టడం పొరపాటు. తేమ పట్టేస్తుంది. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెట్టడం అంతకంటే పొరపాటు.

4. జే ఆకారంలో వేలాడుతుంటే గడియారం చూసుకోండి.

చోటు కుదిరాక అది తల అటూ ఇటూ తిప్పుతూ ఒకే చోట ఏదో అద్దుతున్నట్టు కనిపిస్తుంది. కింది పెదవి దగ్గర నుంచి సన్నని పట్టుదారం తీసి చిన్న తెల్లటి బొత్తాంలా అల్లుతోందన్నమాట. అది పూర్తవగానే వెనక్కి తిరిగి, చివరి జత కాళ్లతో ఆ బొత్తాన్ని పట్టుకుని, మిగతా కాళ్లన్నీ వదిలేసి వేలాడుతుంది. తల పైకి వంచి ఇంగ్లీషు అక్షరం జే లాగా. మా అమ్మాయికి చావులా కనిపించింది ఇదే.

ఈ వేలాట మామూలుగా పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా. ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసి డబ్బాకి అంటించండి. ఆ కాగితం లేకపోతే ఏమవుతుంది? పిల్లలు అరగంటకోసారి వచ్చి "ఇంకా ఎంతసేపు" అంటారు. మీకూ తెలియదు కాబట్టి విసుక్కుంటారు. ఆ విసుగులోంచే పుల్ల చేతికొస్తుంది. నా అనుభవం అదే.

అసలు ఘట్టం రెండు నుంచి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఒక రోజంతా కాపలా కాసి ఆ నాలుగు నిమిషాలూ పోగొట్టుకోవడం ఈ విద్యలో మామూలే. మా చెల్లెలు ఆరు గంటలు కూర్చుంది. ఫిల్టర్ కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి పచ్చటి ప్యూపా వేలాడుతోంది. ఆ కాఫీ తాగబుద్ధి కాలేదట.

కాబట్టి కూర్చోవడం కాదు, గుర్తులు పట్టడం నేర్చుకోవాలి. పురుగుకి ముందొక జత, వెనకొక జత నల్లటి మీసాలుంటాయి. వేలాట మొదట్లో అవి బిరుసుగా ఉంటాయి. లోపలి ఒళ్లు పాత తోలు నుంచి విడివడేకొద్దీ ఆ మీసాలు ఎండిన తీగల్లా మెలితిరిగి జారిపోతాయి. ఒళ్లు వంపు వదిలి నిలువుగా సాగుతుంది. చారల మధ్య ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. ఈ మూడూ ఒకేసారి కనిపించాయా? ఇక కాఫీకి వెళ్లకండి. పిల్లల్ని పిలవండి. ఫోన్ కెమెరా ముందే స్టాండుకు పెట్టి ఉంచుకోండి, చేత్తో పట్టుకుని తీస్తే అడుగడుగునా దగ్గరకు జరుగుతూ డబ్బాని కదిలిస్తారు. ఇది రాత్రి రెండింటికి కూడా జరగవచ్చు. జరిగితే జరగనివ్వండి, పడుకోండి. ఇంకో వేసవి ఉంది.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఆరోగ్యంగా ఉన్నది జే లాగా వంగి ఉంటుంది. ఒళ్లు మెత్తబడి, నల్లబడి, నడిమి కాళ్ల మీద తిరగేసిన వి అక్షరంలా వేలాడుతుంటే అది జబ్బు. దాన్ని వేరు చేసి డబ్బాని బ్లీచు నీళ్లతో కడగాలి.

5. ఆ నాలుగు నిమిషాలు

తల వెనక వీపు మీద తోలు పగులుతుంది. లోపల తడితడిగా మెరిసే లేత ఆకుపచ్చ. ఒళ్లు అలలు అలలుగా కదులుతుంటే తోలు సాక్సు విప్పినట్టు పైకి ముడుచుకుంటూ పోతుంది. తల కవచం, కాళ్లు, మీసాలు అన్నీ ఆ ముడతల్లోకే. చివరికి అంతా పైన చిన్న నల్లటి ముద్దగా మిగులుతుంది.

చూస్తున్నవాళ్లకు ఊపిరాగేది ఇక్కడ. ఇప్పటిదాకా అది పట్టుకున్నది పాత కాళ్లతో. ఆ కాళ్లు తోలుతో పాటు పోతున్నాయి. మరి ఏం పట్టుకుని వేలాడాలి? ప్యూపా కొసన నల్లటి చిన్న కాడ ఉంటుంది. దాని చివర కొక్కేలు, ఉత్తరేణి గింజలు చీర కుచ్చిళ్లకు పట్టుకున్నట్టు పట్టుకునేవి. ఆ కాడని పాత తోలు మడతల్లోంచి బయటికి లాగి, చూపు లేకుండా, చేతులు లేకుండా, ఆ బొత్తాంలో గుచ్చుకోవాలి. గుచ్చుకున్నాక గిరగిరా మెలికలు తిరుగుతుంది, కొక్కేలు లోపలికి దిగేదాకా, పాత తోలు రాలేదాకా.

"పాపం, తోలు అంటుకుపోయింది, కాస్త తీసేద్దామా?" అని ఎవరో ఒకరు అంటారు. మా ఇంట్లో మా అమ్మ అంది. వద్దు. అప్పుడు ప్యూపా పై పొర పెరుగు మీద మీగడంత పలచన. గోరు తగిలితే చిరుగుతుంది. లాగితే కాడ ఊడి మొత్తం కింద పడుతుంది. తోలు రాలకపోయినా నష్టం లేదు, పక్కనే వేలాడుతుంది. అందరూ చేతులు వెనక్కి కట్టుకోండి. నేను మాటవరసకి అనడం లేదు, మా ఇంట్లో నిజంగానే కట్టుకుని నిలబడతాం. మా అమ్మ కూడా.

6. మొదటి రోజు డబ్బా కదలకూడదు.

కొత్త ప్యూపా పొడుగ్గా, వంకరగా, కాస్త అనాకారిగా ఉంటుంది. ఫొటోల్లో చూసిన నగలాంటిది ఇది కాదేమో అనిపిస్తుంది. గంటలు గడిచేకొద్దీ కుదించుకుని నున్నబడుతుంది. పైభాగాన నల్లటి అంచు, దాని వెంట బంగారు చుక్కలు తేలతాయి. ఈ ప్యూపాకి ఇంగ్లీషులో ఉన్న క్రిసాలిస్ అనే పేరు గ్రీకులో బంగారం అనే మాట నుంచి వచ్చింది. అందులో వీసమెత్తు బంగారం లేదు లెండి, వెలుగు ఆటే. దగ్గరగా చూస్తే రెక్కల గీతలు అప్పుడే పైన అచ్చుపడి కనిపిస్తాయి. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు వదిలేయండి.

ఆ ఒక్క రోజూ చుట్టాలొచ్చినా సరే, డబ్బా ఎత్తి చూపించకండి.

7. కింద పడితే?

ఇక్కడ మాత్రం సాయం చెయ్యవచ్చు. కానీ వెంటనే కాదు. మెత్తగా ఉండగా పడితే మెత్తని కాగితం మీద అలాగే ఉంచి, గట్టిపడేదాకా ఆగండి. పగిలి పచ్చటి నీరు కారకపోతే ఆశ ఉన్నట్టే. మర్నాడు నల్లటి కాడకి కుట్టుదారం ముడివేసి పైకప్పుకి కట్టండి. కాడ విరిగిపోయిందా? వల గోడకి ఆనేలా కాగితం మీద పడుకోబెట్టండి. బయటికొచ్చాక గోడ పట్టుకుని ఎక్కి రెక్కలు కిందికి వేలాడదీసుకుంటుంది. నా పుల్ల కాలంలో ఇది నాకు తెలియదు.

8. "లోపల ఏం జరుగుతోంది?"

ప్యూపాగా ఉండేది పది నుంచి పద్నాలుగు రోజులు. చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. ఈ రోజుల్లో పిల్లలు అడిగే ప్రశ్న ఇదొక్కటే. "లోపలంతా కరిగి సూపయిపోతుంది" అని చాలామంది చెప్తారు. సగం నిజం. చాలా భాగాలు కరిగి మళ్లీ తయారవుతాయి. రెక్కలు, కాళ్లు, కళ్లకు సంబంధించిన చిన్న మొగ్గల్లాంటివి పురుగుగా ఉన్నప్పటి నుంచే లోపల దాగి ఉంటాయి, అవి ఇప్పుడు పెరుగుతాయి. ఊపిరి గొట్టాల్లాంటివి కొన్ని సరిపెట్టుకుని కొనసాగుతాయి. మా అమ్మాయి "అయితే దానికి పురుగుగా ఉన్న రోజులు గుర్తుంటాయా?" అంది. మోనార్క్ సంగతి చెప్పలేదు గానీ ఒక రకం చిమ్మటకి పురుగు దశలో ఒక వాసన అంటే భయం నేర్పితే, రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకి దూరంగా పోయిందని 2008లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రాశారు. అది చెప్పాక మా అమ్మాయి చాలాసేపు డబ్బా ముందు మాట్లాడకుండా కూర్చుంది.

నీళ్లు చల్లక్కర్లేదు. పాట పెట్టక్కర్లేదు. రోజూ తిప్పి చూడక్కర్లేదు. వారం దాటాక ఒక రోజు ప్యూపా నల్లబడుతుంది. ఎక్కువమంది ఇక్కడే ఆశ వదులుకుని చెత్తబుట్టలో వేస్తారు. ఆగండి! టార్చి పక్కనుంచి పట్టి చూడండి. నిజానికి అది నలుపు కాదు, పై పొర అద్దంలాంటిదే గనక లోపల రంగు తేలిన నారింజ, నలుపు రెక్కలు కనిపిస్తున్నాయి. మర్నాడు పొద్దున్నే బయటికి రావచ్చు. వచ్చాక రెక్కలు తడిబట్టల్లా ముడతలు పడి ఉంటాయి. ఒంట్లోని ద్రవాన్ని రెక్కల్లోకి పంపి సాగదీసుకుంటుంది. ఎర్రటి చుక్కలు కింద పడితే నెత్తురని పిల్లలు బెదరకుండా ముందే చెప్పండి, అది లోపల మిగిలిన మలినం. ఎగరడానికి కొన్ని గంటలు పడుతుంది. కత్తెర కథ ఇక్కడ మాత్రం నిజం, ఇప్పుడూ చేతులు వెనక్కే.

నల్లబడి, మెత్తబడి, లోపల రెక్కల గీత కనపడకపోతే అది పోయినట్టే. కొన్నిసార్లు ప్యూపా నుంచి తెల్లటి దారాలు వేలాడతాయి. పురుగుగా ఉన్నప్పుడే ఒక జాతి ఈగ దాని ఒంటి మీద గుడ్లు పెట్టిందన్నమాట. మీ తప్పు కాదు. పిల్లలకు "ఎగిరిపోయింది" అని అబద్ధం చెప్పకండి. వాళ్లు ఖాళీ పెంకు అడుగుతారు. ఎగిరిపోతే పెంకు మిగలాలని వాళ్లకు తెలుసు.

9. హైదరాబాదులోనో, అనంతపురంలోనో ఉన్నారా?

మీకు మోనార్క్ దొరకదు, దాని దగ్గరి చుట్టం దొరుకుతుంది. ఖాళీ స్థలంలో జిల్లేడు మొక్క ఉంటే చాలు. ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. పురుగు అవే చారలతో ఉంటుంది గానీ మీసాలు మూడు జతలు. అదే జే, అదే కుబుసం, అవే బంగారు చుక్కలు. ప్యూపా కాస్త చిన్నది, చోటుని బట్టి ఆకుపచ్చగానో గులాబీ ఛాయలోనో ఉంటుంది. డబ్బా కూడా అక్కర్లేదు, రోజూ నడకకు వెళ్లే దారిలో ఒక మొక్కని గుర్తుపెట్టుకోండి. వినాయక చవితి పత్రికి జిల్లేడాకు తుంచేముందు అడుగువైపు తిప్పి చూడండి. చారల పురుగు కనిపిస్తే ఆ కొమ్మ వదిలేసి, పక్క కొమ్మ ఆకు కోసుకోండి.